నివేశన స్థలం

2025 వైశాఖంలో ఒక ఆదివారం ఉదయం మా చిన్నవాడు టెక్సాస్ నుండి ఫోను చేశాడు. కుశల ప్రశ్నలు పూర్తి కాకముందే, "బాపూ, కోరుట్ల ప్లాటు ఇప్పుడమ్మితే ఎంతస్తది?" అని అడిగాడు. దేశం విడిచి పదిహేనేండ్లయినా వాడి మాట మారలేదు. అందుకు సంతోషించాలో, అడిగిన విషయానికి ఉలికిపడాలో తెలియక కాసేపు ఊరకున్నాను.

విషయమేమంటే, వాడూ, వాడి మిత్రులు నలుగురూ కలిసి అక్కడ ఒక 'మొబైల్ హోం పార్కు' కొన్నారు. అందులో 48 స్థలాలున్నాయి. వాటిలో 17 ఖాళీ. ఆ పదిహేడింటినీ నింపాలి. అందుకు తలా కొంత సొమ్ము సర్దుకోవాలి. తన వంతు ఎక్కడి నుండి తేవాలా అని ఆలోచిస్తుంటే వాడి కళ్లలో నా 200 గజాల జాగ మెదిలింది.

ఈ పార్కుల సంగతి తెలియని మిత్రుల కోసం నాలుగు మాటలు. పేరుకు కదిలే ఇల్లే గాని అది బండి కాదు. కర్మాగారంలో తయారై, చక్రాల మీద వచ్చి, ఒకచోట దిగిన తరువాత చాలామట్టుకు అక్కడే ముసలిదైపోయే ఇల్లు. 1976 జూన్‌లో అమెరికా కేంద్ర ప్రభుత్వం వీటి నిర్మాణానికి ప్రమాణాలు అమలులోకి తెచ్చింది. తరువాత చట్టంలో 'మాన్యుఫాక్చర్డ్ హోం' అని పేరు మార్చారు గాని జనం నోట పాతపేరే నిలిచింది. ఇందులోని విశేషం, ఇల్లు ఒకరిది, ఇంటి కింది నేల మరొకరిది కావడం. నేల యజమాని నీటిగొట్టం, మురుగుగొట్టం, కరెంటు స్తంభం, దారి సమకూరుస్తాడు. ఇంటి యజమాని ఆ నేలకు నెలనెలా కిరాయి కడతాడు.

2023లో నేను అక్కడికి వెళ్లినప్పుడు వాడు ఇలాంటి పార్కునే ఒకదాన్ని చూపించాడు. కొందామనే ఊహ అప్పటికే వాడికి ఉన్నట్టుంది. వరుసగా ఇళ్లు, మధ్య మధ్య పళ్లూడిన నోటిలా ఖాళీలు. ప్రతి ఖాళీలోనూ గడ్డి మధ్య ఒక కరెంటు మీటరు స్తంభం ఒంటరిగా నిలబడి ఉంది. ఇల్లు పోయినా మీటరు పోలేదు. ఒక ఇంటి మెట్ల మీద మెక్సికో దేశపు పెద్దావిడ కూర్చుని డబ్బాలలో నాటిన మిరపచెట్లకు నీళ్లు పోస్తూ కనిపించింది. మిరపచెట్టు చూస్తే నాకు కాళ్లాగవు. మావాడు దుబాసీగా నిలబడ్డాడు. చెట్లు నేలలో నాటక డబ్బాలలో ఎందుకు నాటావమ్మా అని అడిగించాను. నవ్వి, "ఇల్లు నాది, నేల నాది కాదు కదా" అందిట. ఆ మాట అప్పుడు నాకు చమత్కారంగా తోచింది. బరువు తరువాత తెలిసింది.

ఖాళీలు నింపే లెక్కను మావాడు ఫోనులో విడమరిచి చెప్పాడు. నేలకు నెలకు 450 డాలర్లు కిరాయి. పదిహేడు స్థలాలు నిండితే నెలకు 7,650, ఏడాదికి 91,800 డాలర్లు. అంతటితో అయిపోలేదు. ఇలాంటి ఆస్తికి వెల కట్టేది అది తెచ్చే నికరాదాయాన్ని బట్టి. ఒక్క స్థలం మీద ఖర్చులు పోను ఏటా 4,000 డాలర్లు మిగిలినా, ఎనిమిది శాతం లెక్కన ఆస్తి విలువ 50,000 పెరుగుతుంది. నింపడానికి దారులు రెండు. యజమానులే ఇళ్లు కొని తెచ్చి నిలబెట్టి వాయిదాల మీద అమ్మడం ఒకటి. సొంత ఇల్లు ఉన్నవారిని, మోసుకు వచ్చే ఖర్చు తామే భరించి, కొన్ని నెలల కిరాయి మాఫీ చేసి పిలవడం రెండవది. అడ్డంకులూ ఉన్నాయి. పాతకాలపు స్థలాలు ఇరుకు. ఈనాటి వెడల్పాటి ఇల్లు అందులో దిగితే చుట్టూ వదలవలసిన జాగ మిగలదు. కొన్ని పట్టణాలలోనైతే స్థలం చాలాకాలం ఖాళీగా పడి ఉంటే అక్కడ మళ్లీ ఇల్లు నిలిపే హక్కే పోతుంది.

"మరి ఒకసారి వచ్చినవాళ్లు కిరాయి పెరిగితే ఇల్లు తీసుకొని పోవచ్చునా?" అని అడిగాను.

"పోవచ్చు బాపూ. కని ఇల్లు కదిలించాల్నంటే వేల డాలర్లయితయి. పాత ఇల్లయితే దారిలనే విరుగుతది. అందుకే ఎవ్వలూ పోరు. గదే ఈ దందాల బలం."

వాడు నాకు ధైర్యం చెప్పడానికి అన్న మాట అది. ఆ మాటతోనే నాకు రాత్రి నిద్ర పోయింది. ఎందుకు పోయిందో చెప్పే ముందు కోరుట్ల జాగ సంగతి చెప్పాలి.

జగిత్యాల నుండి కోరుట్ల పాతిక కిలోమీటర్ల లోపే. 63వ జాతీయ రహదారి మీద బస్సెక్కితే ఒక కునుకు తీసేలోగా వచ్చేస్తుంది. 2010లో ఆ ఊరి పొలిమేరలో ఒక వెంచరు వేశారు. రంగుల కాగితం మీద నలభై అడుగుల దారులు, నీళ్లట్యాంకు, పిల్లల ఉద్యానవనం, గుడి అచ్చువేశారు. 90 ప్లాట్లూ ఆరు నెలల్లో అమ్ముడుపోయాయి. కొన్నవారిలో ఎక్కువమంది గల్ఫుకు పోయినవారే. మా ప్రాంతంలో దుబాయి, మస్కట్ సొమ్ముకు బ్యాంకుకన్నా ప్లాటే నమ్మకం. ఎడారి ఎండలో నిలబడి సంపాదించిన కూలి ఇక్కడ నాలుగు హద్దురాళ్లుగా మారుతుంది. 2016 అక్టోబరులో జగిత్యాల, సిరిసిల్ల రెండూ జిల్లాకేంద్రాలయ్యాక చుట్టుపక్కల ధరలకు రెక్కలొచ్చాయి. ధర పెరిగింది గాని ఇల్లు లేవలేదు. అందరూ ఇతరులు ముందు కట్టాలని ఎదురు చూశారు. కాగితం మీది నీళ్లట్యాంకు కాగితం మీదనే ఉండిపోయింది. సర్కారు తుమ్మ మొలిచింది. హద్దురాళ్లు ఎవరి గోడకో పునాదులై వెళ్లిపోయాయి. ఏటా దసరా ముందు తుమ్మలు కొట్టించడం నా ఇంటి ఖర్చులలో ఒక పద్దు అయింది. పదిహేనేండ్లకు 90 ప్లాట్లలో లేచిన ఇళ్లు ఆరు.

మాట కనబడగానే విప్పి చూడటం పంతుళ్ల జబ్బు. దస్తావేజులో నా జాగను 'నివేశన స్థలం' అని రాశారు. 'విశ్' ధాతువుకు ప్రవేశించడమని అర్థం. ప్రవేశం, సన్నివేశం, ఇంటికి పేరైన వేశ్మం, అన్నీ ఆ ధాతువు సంతానమే. లోపలికి వచ్చి కుదురుకోవడం నివేశనం. ఎవరూ వచ్చి కుదురుకోని 84 ప్లాట్లను కూడా రిజిస్ట్రారు కార్యాలయం పదిహేనేండ్లుగా నివేశన స్థలాలనే అంటున్నది. వ్యాకరణ దోషం లేదు, అర్థ దోషమే.

లేచిన ఆరిళ్ల కథ కూడా వినదగినదే. మొదటి ఇల్లు కట్టినవాడు మస్కట్ నుండి తిరిగివచ్చిన తాపీమేస్త్రి. చుట్టూ తుమ్మలు, రాత్రయితే పాములు. భార్య ఆర్నెల్లు అలిగి పుట్టింట కూర్చున్నదని అతడే చెప్పాడు. అతడు ముందు ఇల్లు కట్టలేదు, బోరు వేశాడు. నీళ్లు పడ్డాయి. ఒకనాడు నేను తుమ్మలు కొట్టించడానికి వెళ్తే చెంబుతో నీళ్లిచ్చి, "సారూ, ఎవ్వలన్న ఇల్లు కడుత నంటె కట్టిందాక నీళ్లు నేనిస్త. పైస వద్దు. నాకు పక్కపొంటి మనిషుంటె సాలు" అన్నాడు. అన్నట్టే ఇచ్చాడు. తరువాతి అయిదిళ్లూ అతని బోరునీళ్లతో తడిసిన గోడలే. అతని పైపు ఎంతదూరం అందిందో అంతదూరమే ఇళ్లు లేచాయి. వెంచరు యజమాని రంగుల కాగితం చేయలేని పని ఒక పైపు చేసింది.

ఇక నిద్ర పోయిన సంగతి. దానికి సిరిసిల్ల దాకా వెళ్లాలి. అక్కడ నేను తొమ్మిదేండ్లు పాఠాలు చెప్పాను. మరమగ్గాన్ని ఆ ఊళ్లో 'సాంచా' అంటారు. నూలు ఇచ్చి గుడ్డ నేయించుకునేవాడు యజమాని. నాలుగో, ఎనిమిదో సాంచాలు పెట్టుకుని ఆ పని చేయించేవాడు ఆసామి. నేసేవాడు కార్మికుడు. ఆసాములలో కొందరికి సాంచాలే సొంతం. అవి నిలిచిన షెడ్డు పరులది.

2000 తరువాతి గడ్డురోజులవి. నేతగాళ్ల ఆత్మహత్యలతో సిరిసిల్ల పేరు పత్రికలలో తరచు కనిపించిన కాలం. నా ఎనిమిదో తరగతిలో ఒక ఆసామి కొడుకు ఉండేవాడు. గణవిభజన చేయమంటే బల్ల మీద వేళ్లతో సాంచా చప్పుడు వేస్తూ గురులఘువులు గుర్తించేవాడు. లయ పుట్టుకతో వచ్చినవాడు. వాళ్ల నాన్నకు ఎనిమిది సాంచాలు, షెడ్డు కిరాయిది. రెండేండ్లలో మూడుసార్లు కిరాయి పెరిగింది. సాంచా అంటే మంచం కాదు, ఎత్తుకుపోవడానికి. నేలకు బిగించి ఉంటుంది. విప్పాలి, బండి మాట్లాడాలి, కొత్తచోట సరిచూసి బిగించాలి, కరెంటు కనెక్షను వెతుక్కోవాలి. అన్నాళ్లూ గుడ్డ లేదు, కూలి లేదు. ఆ సంగతి షెడ్డు యజమానికీ తెలుసు.

ఆ యజమాని నాకు బాగా పరిచయం. ఒకనాడు ఆసామి బడికి వచ్చి, చేతులు కట్టుకుని, "పంతులు సారూ, మీరొక్క మాట చెప్తె ఇంటడు. దసరా దాక ఆగుమనుండ్రి" అన్నాడు. చెప్తానన్నాను. చెప్పలేదు. మరొకరి వ్యవహారంలో తల దూర్చడమెందుకనే బెరుకు ఒకటి, ఇవాళ కాకుంటే రేపు అనే బద్ధకం ఒకటి. దసరాకు ముందే నాలుగు సాంచాలు తుక్కు కింద తూకానికి పోయాయి. ఇనుముకు ఎంత ధరో సాంచాకూ అంతే. పిల్లవాడు మేనమామ వెంట భివండి వెళ్లాడు. హాజరు పట్టికలో వాడి పేరు మీద నేనే గీత గీశాను. ఆ షెడ్డు ఆ తరువాత మూడేండ్లు ఖాళీగానే ఉంది. పెరిగిన కిరాయి కట్టేవాడు రాలేదు.

ఇల్లు నాది, నేల నాది కాదు. సాంచా నాది, షెడ్డు నాది కాదు. "ఎవ్వలూ పోరు, గదే బలం" అని నా కొడుకు అన్నప్పుడు నాకు వినిపించింది ఆ తూకపురాళ్ల చప్పుడే.

మరునాడు ఉదయపు నడకలో జగిత్యాల కోట గోడ పక్కన నడుస్తూ ఆలోచించాను. ఖాళీ నేలను జనంతో నింపడం మా చిన్నవాడు కనిపెట్టిన విద్యేమీ కాదు. యుద్ధాలకూ కరవులకూ పాడుబడ్డ గ్రామాలను తిరిగి నిలబెట్టడానికి దక్కను పాలకులు కౌలునామాలు ఇచ్చేవారు. వచ్చి దున్నుకోండి, మొదటి ఏడు శిస్తు ఇంతే, రెండో ఏడు ఇంత, ఇన్నేళ్లకు గాని పూర్తి శిస్తు అడగము అని ముందే రాసి ఇచ్చే పత్రమది. ఊరు నిలవాలంటే కుమ్మరి, కమ్మరి, వడ్రంగి, చాకలి, మంగలి నిలవాలని వారికి మాన్యాలు ఇచ్చేవారు. మావాడు చెప్పిన నాలుగు నెలల మాఫీకి తాత ఈ కౌలునామా. అయితే ఒక భేదముంది. మావాడి మాఫీలో మొదటి నాలుగు నెలల మాటే ఉంది, అయిదో ఏటి మాట లేదు. కౌలునామాలో అయిదో ఏటి మాట కూడా ఉంది.

ఇంతకూ 'కౌలు' మన మాట కాదు. అరబ్బీ 'ఖౌల్' ఉర్దూ మీదుగా మనకు చేరింది. దాని అసలర్థం 'మాట', 'ఇచ్చిన మాట'. కౌలుకు ఇవ్వడమంటే నేలను ఇవ్వడం కాదు, మాట ఇవ్వడం. నలభై యేండ్లు తెలుగు చెప్పుకుని బతికినవాడిని, ఈ అర్థం నాకు నిఘంటువులో ఎప్పుడో తెలుసు. కాని అది అర్థమైంది ఆ ఉదయమే. వెంచరు వాడు ఇచ్చిన మాట తప్పాడు, 84 ప్లాట్లు తుమ్మలపాలయ్యాయి. మేస్త్రి ఇచ్చిన మాట నిలిపాడు, అయిదిళ్లు లేచాయి. సిరిసిల్లలో నేను మాట ఇచ్చి నోరు విప్పలేదు.

ఆ రాత్రే మావాడికి ఫోను చేశాను. "జాగ అమ్ముత. నీ వంతుకు పంపుత. కని ఒక షరతు" అన్నాను. కొత్తగా వచ్చేవారికి ఇచ్చే పత్రంలో అయిదేండ్ల పాటు ఏటా కిరాయి ఎంత పెరుగుతుందో మొదటిరోజే రాసి ఇవ్వాలి. ఇప్పటికే ఉన్న ముప్పైఒక్క ఇళ్లవారికీ అదే మాట వర్తించాలి. ఎవరైనా వెళ్లిపోదలిస్తే వారి ఇంటిని సరైన ధరకు పార్కే కొనాలి. వాడు నవ్వాడు. "బాపూ, ఇది ధర్మసత్రం కాదు, దందా." "ధర్మసత్రమైతే షరతెందుకు? దందా కాబట్టే" అన్నాను. తరువాత, ఇన్నేండ్లుగా వాళ్లమ్మకు కూడా చెప్పని సిరిసిల్ల సంగతి వాడికి చెప్పాను. వాడు చాలాసేపు మాట్లాడలేదు.

రెండు వారాల తరువాత కబురు వచ్చింది. మిత్రులలో ఇద్దరు అయిదేండ్లకు ఒప్పుకోలేదు. పన్నులు, మరమ్మతులు, నీటి బిల్లులు ఏటా పెరుగుతుంటే చేతులు కట్టేసుకుంటామా అన్నారట. అదీ అన్యాయమైన ప్రశ్న కాదు. చివరకు మూడేండ్లకు ముందే రాసి ఇవ్వడానికి, పాతవారికీ అదే వర్తింపజేయడానికి కుదిరింది. ఇల్లు తిరిగి కొనే షరతు కుదరలేదు. నేను అడిగినదానిలో సగానికి కాస్త ఎక్కువ దక్కింది. ఒప్పుకున్నాను. ఒప్పుకోకుండా ఉండవలసిందా అని ఇప్పటికీ అప్పుడప్పుడు అనిపిస్తుంది.

ఇక అమ్మకం. ఇక్కడ నన్ను ఒక సంక్షిప్తాక్షరం ముప్పుతిప్పలు పెట్టింది. 2020 ఆగస్టులో అనుమతి లేని లేఅవుట్ల ప్లాట్ల రిజిస్ట్రేషన్లు ఆపివేసి, క్రమబద్ధీకరణకు ఎల్ఆర్ఎస్ పథకం ప్రకటించినప్పుడు నేనూ 1,000 రూపాయలు కట్టి దరఖాస్తు పెట్టాను. 2025లో 25 శాతం రాయితీ ఇచ్చినప్పుడు మిగతా రుసుము కట్టి ఒడ్డున పడ్డాను. అమ్మిన సొమ్ములో వాడి వంతు పంపడానికి బ్యాంకుకు వెళ్తే, అక్కడి అధికారి, "సార్, ఎల్ఆర్ఎస్ కింద పంపాలి" అన్నాడు. అది కట్టేశాను బాబూ, రసీదు ఉందన్నాను. ఆయన తెల్లబోయాడు. విదేశాలకు సొమ్ము పంపే రిజర్వుబ్యాంకు పథకానికీ పొట్టిపేరు అదేనట. ఒక ఎల్ఆర్ఎస్ వల్ల నేల నాదైంది, మరొక ఎల్ఆర్ఎస్ వల్ల అది సముద్రాలు దాటింది. ఏడాదిలో పది లక్షలు దాటితే పైమొత్తం మీద 20 శాతం పన్ను ముందే పట్టుకుంటారని తెలిసి ఆ లోపే పంపాను.

జాగ ఎవరికి అమ్మానో చెప్పలేదు కదూ? ఇద్దరు వచ్చారు. ఒకరు జగిత్యాల వ్యాపారి. ఎక్కువ ధర పలికాడు, కట్టే ఉద్దేశం లేదు, "పడి ఉండనీ సార్" అన్నాడు. రెండవది ఆ తాపీమేస్త్రే. కూతురికి పెళ్లి చేశాడు, అల్లుడు కోరుట్లలోనే పని చేస్తున్నాడు, పక్కనే ఇల్లు కట్టిస్తానన్నాడు. ధరలో తేడా చిన్నది కాదు. మా ఇంటావిడ మూడు రోజులు నాతో ముక్తసరిగా మాట్లాడింది. అయినా మేస్త్రికే ఇచ్చాను. పదిహేనేండ్లు ఆ జాగ ఖాళీగా పడి ఉండటంలో నా వంతు కూడా ఉంది. నేనూ ఇతరులు కడితే చూద్దామనుకున్నవాడినే.

కార్తీకంలో ముగ్గు పోసినప్పుడు పిలిచారు, వెళ్లాను. మేస్త్రి భార్య, ఒకనాడు పాములకు భయపడి అలిగి వెళ్లినావిడ, నలుగురు ఆడవాళ్లను వెంటబెట్టుకుని నా పాత జాగ మీద పొయ్యి పెట్టి చాయ్ కాస్తున్నది. పదిహేనేండ్లలో ఆ నేల మీద పొగ లేవడం అదే మొదటిసారి.

ఇది రాస్తున్న నాటికి అక్కడి పదిహేడింటిలో ఆరు నిండాయని మావాడు చెప్పాడు. నేను మాత్రం వాడిని ప్రతినెలా వచ్చినవారి సంఖ్య కాదు, వెళ్లినవారి సంఖ్య అడుగుతున్నాను. ఇప్పటివరకు ఎవరూ వెళ్లలేదు. అది మాట బలమో, కదల్లేకపోవడమో మూడేండ్లు గడిస్తే గాని తేలదు. ఇక్కడ ఏడో ఇంటికి గోడలు తలుపు ఎత్తుకు వచ్చాయి. పోయిన వారం వెళ్లి చూసి వచ్చాను. అమ్ముకున్న జాగను చూడటానికి బస్సు కిరాయి దండుగ అని మా ఇంటావిడ అన్నది. ఆమె లెక్కలో తప్పు లేదు. వచ్చే నెల స్లాబు వేస్తారట, మళ్లీ వెళ్లాలి.